ఏడో నంబరు

"తొంభై రెండా! నూరుమంది తల్లుల్లో తొంభై రెండు మందికి కోత పెట్టిందా ఈ మహాతల్లి!"

సిస్టరమ్మ కాగితాన్ని బల్లమీద విసిరికొట్టిన తీరుకి, ఎదురుగా కూర్చున్న లెక్కలాయన టీ కప్పుతో సహా వెనక్కి జరిగాడు.

"నా మీద అరుస్తారేంటండీ? నేను లెక్క కట్టానంతే."

ఇరవై ఆరేళ్లు అదే ఆసుపత్రిలో పురుళ్లు పోసి, ఈ ఏడాదే పరిశోధన విభాగంలోకి వచ్చిందావిడ. మామూలు కాన్పులో బిడ్డ త్వరగా బయటికి రావడానికి కిందివైపు కత్తెరతో పెట్టే కోత, తొలికాన్పు తల్లుల్లో ఎవరికి పడింది, ఎందుకు పడింది అన్నది తేల్చడం పని. కాన్పుల గదిలో పనిచేసిన పదకొండు మంది పేర్లూ గుమస్తా తీసేసి, ఒక్కొక్కరికి ఒక నంబరు వేశాడు. ఎవరి నంబరేదో చెప్పే జాబితా సీలువేసిన కవర్లో, బీరువాలో భద్రంగా ఉంది. ఒకరిమీద అభిమానం, ఇంకొకరిమీద కోపం లెక్కల్లోకి దూరకూడదని ఆ ఏర్పాటు.

"మిగతావాళ్లంతా పది, ఇరవై దగ్గరే ఉన్నారు కదా. రెండో నంబరు చూడండి, నూటికి ఎనిమిది. అది నేనే అయ్యుంటాను. ఈ ఏడో నంబరుకేం మాయరోగం? బిడ్డ గుండె చప్పుడు తగ్గితే కోస్తాం, కాదనను. తొంభై రెండు మంది బిడ్డలకీ తగ్గిందా?"

"కారణం రాయాల్సిన గడి ఖాళీగా ఉందండీ. తల్లులు చెప్పింది చదవమంటారా?"

"చదవండి."

"'ఇంకాస్త ఆగితే నేనే కనేదాన్ని. ఆగమని బతిమాలాను. నా తల్లే, అయిపోయింది, అంటూనే కోసేశారు.' ఇంకొకావిడ. 'ముందు ఒక్క మాట చెప్పిన పాపాన పోలేదు. కుట్లు వేస్తుంటే తెలిసింది. మూడు నెలలు కూర్చుని పిల్లకి పాలివ్వలేకపోయాను.'"

సిస్టరమ్మకి ఒళ్లు మండిపోయింది. కన్నీళ్లూ వచ్చాయి. నోరు తెరిచి బతిమాలుతున్న మనిషిని కోయడానికి చేతులెలా వచ్చాయో! ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ ఉండగా తలుపు తోసుకుని కూతురు వచ్చింది. నిండు నెలలు. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చేతిలో పరీక్షల కాగితాలు.

"అమ్మా, నీ కేకలు మెట్లదాకా వినిపిస్తున్నాయి. ఎవర్ని దులిపేస్తున్నావు?"

"నువ్వు కూర్చో ముందు. ఏమందే డాక్టరమ్మ?"

"మూడు వారాలంది. నాకు భయంగా ఉందమ్మా. వేరే ఎవర్నీ దగ్గరికి రానివ్వను. నువ్వే ఉండాలి."

"ఉండకేం! నా తల్లే, నీ పురుడు నా చేతిమీద కాక ఇంకెవరి చేతిమీద జరుగుతుంది? ఇన్నేళ్లలో నా దగ్గర ఒక్క తల్లికీ చిరిగిందన్న మాట లేదు. పక్క బల్ల మీద గంటలు పట్టేది నా దగ్గర ఇట్టే అయిపోయేది."

కూతురు నవ్వి, తల్లి చేతిని పొట్టమీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది.

పిల్ల వెళ్లాక సిస్టరమ్మ గొంతు తగ్గించింది. "ఈ ఏడో నంబరు ఇంకా ఇక్కడే ఉందా?"

"పదకొండు మందీ ఆసుపత్రిలోనే ఉన్నారండీ."

అంతే. కాగితాలు చంకన పెట్టుకుని, లెక్కలాయనకి కవరు తెమ్మని చెప్పి, విసవిసా కాన్పుల విభాగానికి పెద్దయిన డాక్టరమ్మ గదికి నడిచింది. ఆవిడ అనుమానమంతా డాక్టరమ్మ మీదే. ఎప్పుడు చూసినా గడియారం చూసుకుంటూ పరిగెత్తే మనిషి మరి.

డాక్టరమ్మ అంకెలు చూసి తలపట్టుకుంది. "నన్ను అనుమానిస్తున్నావని నీ మొహమే చెబుతోంది. నేను మామూలు కాన్పు చేసి ఎన్నేళ్లయింది? ఆపరేషన్లతోనే సరిపోతోంది."

"నేను ఎవరి పేరూ ఎత్తలేదు. మీరే ఎత్తుకున్నారు."

"సరేలే. ఏం చెయ్యమంటావు?"

"ఏడో నంబరు ఎవరైనా సరే, ఇక కాన్పుల గది గడప తొక్కకూడదు. కవరు విప్పకముందే రాసి సంతకం పెట్టండి. విప్పాక మొహమాటాలు పుట్టుకొస్తాయి."

"మళ్లీ శిక్షణ ఇచ్చి చూద్దాం. ఒక్క అవకాశం..."

"ఆ తొంభై రెండు మందికీ ఇచ్చిందా అవకాశం? ఆగమంటే ఆగిందా? మూడు వారాల్లో నా కూతురు ఆ బల్ల ఎక్కుతుంది డాక్టరమ్మా. అలాంటి మనిషి నా పిల్ల ఛాయలకి కూడా రాకూడదు!"

డాక్టరమ్మ కాగితం తీసుకుంది.

"సాయానికి కూడా లోపలికి రాకూడదని రాయండి. అయినవాళ్ల కాన్పు అని వంక పెట్టినా కుదరదని రాయండి," అని సిస్టరమ్మ పక్కనే నిలబడి చెప్పింది. డాక్టరమ్మ సంతకం చేసి ముద్ర వేసింది. కింద సాక్షి సంతకం సిస్టరమ్మే చేసింది. పెన్ను కాగితంలోకి దిగబడింది. ఈ మధ్యకాలంలో ఇంత హాయిగా ఊపిరి పీల్చుకోలేదనిపించింది ఆవిడకి.

"ఇప్పుడు విప్పండి," అంది, కవరు పట్టుకుని వచ్చిన లెక్కలాయనతో.

అతను బల్లమీది కత్తెర అందుకుని కవరు అంచు కత్తిరించాడు. జాబితా తీసి, వేలు పెట్టి పై నుంచి ఒక్కొక్క గీతే దిగుతూ వచ్చి, ఒకచోట ఆగిపోయాడు. తల ఎత్తలేదు.

"నోరు పెగలదేంటండీ? ఎంత పెద్దవాళ్లైతే మాత్రం ఏం? చదవండి గట్టిగా!"

అతను కాగితాన్ని మెల్లగా సిస్టరమ్మ వైపు జరిపాడు.

ఏడో నంబరు పక్కన ఆవిడ పేరే ఉంది.