పొద్దు వాలేదాకా

ఆదివారం మధ్యాహ్నం ఊరంతా పాస్టరుగారి రెండో ప్రసంగానికి వెళుతున్న వేళ, పరాయి ఊరి ముసలమ్మ ఒకతె గబగబా నడుస్తూ సంఘపెద్ద ఓబద్యాకు ఎదురుపడింది.

ఆయన్ని ఎగాదిగా చూసింది. నిక్కబొడుచుకున్న ఆయన చెవులు చూసింది. పకపకా నవ్వింది.

విశ్రాంతి దినాన ప్రయాణం ఒక తప్పు. నవ్వు ఇంకో తప్పు. ఓబద్యా చెవులు చూసి నవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదుగానీ, ఆయన దృష్టిలో అదే పెద్ద తప్పు.

"ఎక్కడికి ముసలమ్మా, అంత పరుగు?"

"ఒకరింట్లో పనుంది నాయనా."

"ఎవరింట్లో?"

"చెబితే వాళ్ల కాళ్లకూ బొండ వేస్తావు. నా కాళ్లు చాలవూ?"

తప్పు చేసినవాళ్ల కోసం మందిరం ముందు పాతిన బొండకొయ్య రంధ్రాల్లో ఆమె కాళ్లు బిగించి, తాళం వేసి, పొద్దు వాలేదాకా అలాగే ఉండమన్నాడు. పొద్దు వాలితే ఆ ఊళ్లో ఆదివారం అయిపోయినట్టే.

జనం చుట్టూ మూగారు.

"ఈ వయసులో సిగ్గు లేదూ?" అంది ఒకావిడ.

"ఉండేదమ్మా. దారిలో ఎక్కడో జారిపోయింది. కనబడితే తెచ్చిపెట్టు."

ముగ్గురు ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మందిరంలోకి పరిగెత్తారు.

ప్రసంగం మధ్యలో ఓబద్యా తల్లి మెహేతబేలు కర్ర పొడుచుకుంటూ వచ్చి కొడుకును బయటికి పిలిచింది.

"ఆవిడ కాళ్లు విప్పరా."

"ఎందుకమ్మా?"

"ఆవిడ మంత్రసాని. నేనే కబురు పెట్టాను. తిర్సాకు నొప్పులు మొదలయ్యాయి."

ఓబద్యాకు కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. తిర్సా ఆయనకు ఒక్కగానొక్క కూతురు.

ఆదివారం పుట్టిన బిడ్డ ఆదివారమే కడుపున పడి ఉంటుందని, అంటే తల్లిదండ్రులు విశ్రాంతి దినాన్ని మీరారని ఆ ఊరి నమ్మకం. అలాంటి బిడ్డకు బాప్తిస్మం ఇవ్వరు. తల్లీ తండ్రీ సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. కిందటి నెల ఒక జంటను అలా నిలబెట్టింది ఓబద్యానే. ఆ అమ్మాయి ఏడ్చిన ఏడుపు ఇప్పుడు ఆయన చెవుల్లో మోగింది.

"మంత్రసానినని నాతో చెప్పొచ్చుగా?" అన్నాడు తాళం తీస్తూ.

"చెబితే ఆదివారం పూట కాన్పు ఎవరింట్లోనని ఊరంతా అడగదూ? చెయ్యివ్వు నాయనా, కాలు తిమ్మిరెక్కింది."

చెయ్యి పట్టుకుని పెరటి దారిన ఇంటికి నడిపించాడు.

పొద్దు ఇంకా చెట్ల పైనే ఉంది. లోపల బిడ్డ కేరుమంది.

ముసలమ్మ బయటికొచ్చి, తలుపు మూసి, గడప మీద చతికిలబడి కీర్తన ఎత్తుకుంది. రంపంతో దూలం కోస్తున్నట్టుంది గొంతు. బిడ్డ ఏడుపు అందులో కలిసిపోయింది.

మందిరం నుంచి ఇళ్లకు పోతున్నవాళ్లు ఆగి చూశారు.

"బొండ వేసేసరికి ఎంత భక్తి వచ్చిందో, అందుకే పెద్దాయన ముందే విడిచిపెట్టాడు," అని మెచ్చుకున్నారు.

లోపల బిడ్డ ఇంకాస్త గొంతు పెంచింది.

ఓబద్యా పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదు. ఒక్క క్షణం ఆలోచించాడు. కీర్తన అబద్ధం కాదుగదా. ఆమె పక్కన కూర్చుని, కొట్టంలో గొడ్లు బెదిరేలా తనూ అందుకున్నాడు.

అంతలో కిందటి నెల నిలబెట్టిన అమ్మాయి, చంకలో పసిబిడ్డతో అటే వచ్చి ఆగింది. ఆమెకు ఏడుపు వినబడింది. పసిబిడ్డ తల్లి చెవిని ఎవరు మోసం చేయగలరు?

ఓబద్యా చూపులతోనే బతిమాలాడు.

ఆమె వాలని పొద్దు వైపు చూసింది. ఆయన వైపు చూసింది. వచ్చి మరో పక్కన కూర్చుని తనూ పాడింది. ఓబద్యాకు కళ్లు చెమర్చాయి.

పొద్దు పూర్తిగా వాలాక ముసలమ్మ లేచి తలుపు బార్లా తెరిచింది.

"ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం."

ఎప్పుడు పుట్టిందని ఎవరూ అడగలేదు. ఇరుగుపొరుగు శనివారమే వండిపెట్టుకున్న బీన్సు కుండలు మోసుకొచ్చారు. ఇల్లంతా సందడైంది. ఆ సందడిలో ఓబద్యా వెతికితే ముసలమ్మ లేదు. అప్పటికే ఊరు దాటి వెళ్లిపోయింది.

"పదిమందిలో బొండ వేశానమ్మా. క్షమించమని అడగలేదు, పేరైనా అడగలేదు," అన్నాడు తల్లితో. "ఇంతకీ నన్ను చూసి ఎందుకు నవ్విందో?"

మెహేతబేలు మునిమనవరాలి చెవులు నిమిరింది. అవీ నిక్కబొడుచుకునే ఉన్నాయి.

"నువ్వు పుట్టిన ఆదివారం కూడా ఆ కెజియా ఇదే గడప మీద కూర్చుని, పొద్దు వాలేదాకా గొంతు చించుకుని పాడిందిరా."