మంచునీళ్ల తొట్టి

నర్సు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆమె భర్త మంచుగడ్డలు నింపిన తొట్టిలో మెడదాకా దిగి ఉన్నాడు. గబగబా ఊపిరి పీల్చి వదిలి, బిగబట్టి, తల కూడా ముంచబోయాడు.

ఆమె అతని జుట్టు పట్టుకుని పైకి లాగింది.

"చావాలనుందా మీకు? అలా పీల్చి నీళ్లలో మునిగితే, స్పృహ తప్పుతున్నట్టు కూడా తెలీదు!"

"ఒంటికి మంచిదట. ఫోన్లో చూశాను," అన్నాడు వణుకుతూ.

"అసలే బీపీ మనిషి! ఇంత చల్లటి నీళ్లలో దిగితే ఇంకా పెరుగుతుంది."

అతని మొహం పాలిపోయింది. "తగ్గుతుందన్నారే... రేపే కదా పరీక్ష! ఈసారీ ఎక్కువుంటే మన పాపకి పెట్టడానికి నా కిడ్నీ తీసుకోరు."

ఆమె అతనికి తువ్వాలు కప్పి, తడినేల మీదే పక్కన కూర్చుంది.

"నెమ్మదిగా పీల్చి, ఇంకా నెమ్మదిగా వదలండి. దీంతోనైతే బీపీ కాస్త తగ్గుతుంది."

అతను బుద్ధిగా అలాగే చేశాడు. ఆ కాస్త చాలదని ఆమె చెప్పలేదు.