ఇత్తడి బేసిన్

ఆ ఆదివారం డెట్రాయిట్‌లోని మా నల్లవాళ్ల చర్చిలో యేసు శిష్యులకు కడిగినట్టు పాదాలు కడిగే ఆరాధన. దరిద్రమంతా నమ్మకం లేనివాళ్లకేనని గంటసేపు ప్రసంగించి, పాస్టర్ లెమ్యూల్ ఇత్తడి బేసిన్‌తో నా ముందు మోకరించాడు.

నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

“నావి కాదు. బయట మెట్ల మీద పడుకుందే, ఆ కడుపుతో ఉన్న పిల్లవి కడుగు.”

“దాన్ని ఇందాకే గెంటించాను, మదర్ వెర్లీన్. నమ్మకముంటే దానికా గతి పట్టేదా?”

మా చర్చిలో పెద్దావిడలందరినీ ‘మదర్’ అనే పిలుస్తారు. నాకు ఒళ్లు మండిపోయింది. “యేసు పశువుల పాకలో పుట్టాడు. వాళ్లమ్మకీ నమ్మకం లేకనేనా?”

“అందరూ చూస్తున్నారు. ఊరుకోండి.”

“చూడనీ! నలభై ఏళ్ల కిందట ఆ మెట్ల మీద నొప్పులు పడుతున్న నన్ను అప్పటి పాస్టర్ లోపలికి మోసుకొచ్చాడు. ఈ బేసిన్‌లోనే నీకు తొలి స్నానం పోశాడురా, కొడకా!”