టికెట్ లేని మనిషి

సబ్‌వే సగం దాకా వచ్చాక గానీ వెంకటప్పయ్యకు తట్టలేదు, తన దగ్గర ప్లాట్‌ఫారం టికెట్ లేదని.

తట్టడానికి కారణం ఎదురుగా మెట్ల మీదే ఉంది. టీసీ సుస్మిత. పక్కన ఇద్దరు రైల్వే పోలీసులు. గిరుక్కున వెనక్కి తిరిగాడు. వచ్చిన దారిలోనూ అప్పటికే ఇంకో టీసీ చేరిపోయాడు. పైన ప్లాట్‌ఫారాల మీదికి మెట్లున్నాయి గానీ, ఎక్కినా మళ్లీ దిగాల్సింది ఇక్కడికే. బెజవాడ స్టేషన్‌లో దిగిన జనమంతా వచ్చి పడే ఆ సొరంగంలో వెంకటప్పయ్య ఇరుక్కుపోయాడు.

టికెట్ ఎందుకు కొనలేదయ్యా అంటే ఏం చెబుతాడు? అలవాటు లేదు. ఇన్నేళ్లుగా ఈ స్టేషన్‌లోకి వస్తూ పోతూ ఉన్నాడు, ఒక్కనాడూ కౌంటర్ ముఖం చూసిన పాపాన పోలేదు. ఇవాళా కాళ్లు వాటంతటవే లోపలికి వచ్చేశాయి.

వేరే రోజైతే రసీదు రాయించుకుని, తలొంచుకుని పోయేవాడే. ఇవాళ అలా కుదరదు. కూతురు మనోజ్ఞ, తనతో పనిచేసే సిద్ధార్థనే చేసుకుంటానని పట్టుబట్టి కూర్చుంది. ఆ కుర్రాడి తండ్రి హేమసుందర్‌ది కైకలూరు, చేపల వ్యాపారం. కొరకరాని కొయ్య. ఏడాదిపాటు ససేమిరా అని, చివరికి ‘ముందు ఆ మనుషుల్ని చూసి చెబుతా’ అన్నాడు. భార్యను వెంటబెట్టుకుని ఇప్పుడు రైలు దిగబోతున్నాడు. పిల్ల పెళ్లి ఆయన నోటి మాట మీద ఉంది. ఆయన కళ్లముందే దొంగలా పట్టుబడితే ఇంకేమైనా ఉందా?

బయటపడి, టికెట్ కొనుక్కుని మళ్లీ వస్తే చాలు. సుస్మితను బతిమాలుకుందామంటే నోరు రాదు. ఆ పిల్ల సంగతి అతనికి బాగా తెలుసు, ఎవర్నీ వదలదు. ఆమెకూ ఇతను బాగా తెలుసు. ముఖం కనపడిందా, గుర్తుపట్టేస్తుంది. జేబులోంచి మాస్కు తీసి తగిలించుకున్నాడు.

ఫోన్‌లో కొందామంటే, స్టేషన్ లోపల ఉండగా అది టికెట్ ఇవ్వదు. ఆ సంగతీ తెలుసు. అసలు టికెట్ లేనివాళ్లు వేసే ఎత్తులు వెంకటప్పయ్యకు తెలిసినన్ని ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియవు.

మొదటి ఎత్తు, ఫోను. పెద్ద పనిలో ఉన్నవాడిలా చెవికి ఆనించుకుని, “ఆ, ఆ, లారీ గన్నవరం దాటిందా?” అంటూ మెట్లవైపు నడిచాడు. చెవి దగ్గరే ఫోను గణగణా మోగింది. జనం తిరిగి చూశారు. సిగ్గుతో చచ్చిపోతూ స్తంభం చాటుకి తప్పుకున్నాడు.

మనోజ్ఞ.

“నాన్నా, వాళ్లు దిగారా?”

“దిగుతారమ్మా. నేను కిందే ఉన్నా.”

“కాస్త జాగ్రత్త నాన్నా. ఆయన ప్రతిదీ పట్టించుకుంటారంట.”

రెండో ఎత్తు, కుటుంబం. గుణదల మేరీమాత కొండకు వచ్చినట్టున్నారు, పిల్లా జెల్లా పెద్ద గుంపు. టీసీ తలలు లెక్కపెట్టేలోగా కలిసిపోవచ్చు. “ఇలా ఇవ్వండమ్మా, నేను మోస్తా” అని ఓ ముసలమ్మ చేతిలో సంచి అందుకున్నాడు.

ఆమె గుంజుకుంది. “ఎవరు బాబూ నువ్వు? ఒరే డేనియలూ, ఇటు చూడరా, ఎవడో మాస్కేసుకుని సంచి లాక్కుంటున్నాడు.”

డేనియల్ అనేవాడు ఆరడుగులున్నాడు. వెంకటప్పయ్య రెండు చేతులూ జోడించి వెనక్కి జరిగాడు.

చొక్కా తడిసి ముద్దయింది. గాలాడటం లేదు. ఇంతమంది తోసుకుంటూ పోతున్నారు, అందరికీ బయటికి దారి ఉంది, తనకే లేదు. ఈ వయసులో ఇదేం ఖర్మరా భగవంతుడా అనుకున్నాడు. నెత్తిమీద రైలు వచ్చి ఆగింది. ఊపిరాడక మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాడు.

“వెంకటప్పయ్య గారేనాండీ?”

హేమసుందర్. చేతిలో థర్మోకోల్ పెట్టె. వెనక ఆయన భార్య నాగమల్లేశ్వరి.

“కొల్లేటి కొరమీనండీ. మనోజ్ఞకిష్టమని మావాడు చెప్పాడు,” అందావిడ.

“మీ గురించి నలుగుర్నీ విచారించానండీ,” అన్నాడు హేమసుందర్, మెట్లవైపు నడుస్తూ. “అందరిదీ ఒకటే మాట. రూలంటే రూలే, తనా పరా చూడని మనిషి అని. అదే నిజమైతే నాకింకే అభ్యంతరమూ లేదు. నిజమో కాదో చూసుకుందామనే వచ్చా.”

వెంకటప్పయ్య మాస్కు మళ్లీ పైకి లాక్కోబోయి, వాళ్ల ముందు బాగుండదని వదిలేశాడు. కాళ్లీడ్చుకుంటూ వెంట నడిచాడు.

సుస్మిత వాళ్లిద్దరి టికెట్లూ చూసి ఇచ్చేసింది. “మీదండీ?” అంటూ తలెత్తి ఆగిపోయింది. అతన్ని చూసింది, పక్కనున్న కొత్తవాళ్లను చూసింది. పక్కకు జరిగి దారిచ్చింది.

పైన మెట్ల చివర ఎండ కనిపిస్తోంది. ఒక్క అడుగు వేస్తే బయటపడ్డట్టే. హేమసుందర్‌కు తెలియను కూడా తెలియదు.

వెంకటప్పయ్య కదల్లేదు.

“నా దగ్గర టికెట్ లేదమ్మా,” అన్నాడు. “కొనలేదు. రసీదు రాయి.”

నాగమల్లేశ్వరి మొగుడి వంక చూసింది. హేమసుందర్ పెట్టె కింద పెట్టాడు. ఆ అమ్మాయి వంక, ఇతని వంక మార్చి మార్చి చూశాడు. తర్వాత మళ్లీ పెట్టె చేతిలోకి తీసుకున్నాడు.

“తొందరగా కానివ్వండి బావగారూ. ఇంట్లో మా కోడలు ఎదురుచూస్తుంటుంది,” అన్నాడు.

మొన్న నెలాఖరున రిటైరయ్యేదాకా ఇవే మెట్ల మీద తనను పక్కన నిలబెట్టుకుని, టికెట్ లేనివాళ్లను పట్టడం నేర్పిన టీసీ వెంకటప్పయ్య గారి పేరును, సుస్మిత అడక్కుండానే రసీదు మీద రాసింది.