బెదిరిన ఏనుగు

ఏనుగు బెదిరింది. ఎటు పరుగెత్తాలో మాత్రం ఎవరికీ తెలియలేదు.

బొటనవేలంత సీసపు ఏనుగది. దాని చుట్టూ బల్ల నిండా అంతే చిన్న బల్లేలవాళ్ళు, గుర్రాలు, రథాలు. గడియారాల కొట్టు మీది గదిలో ఆదివారం వచ్చిందంటే పాతకాలపు రాజుల యుద్ధాలే. ఆడేవాళ్ళంతా తలలు నెరిసినవాళ్ళే.

“ఎవరూ కదపకండి, పేజీ చూస్తున్నా!” అన్నాడు పళ్ళ డాక్టరు, ఆట నియమాల లావు పుస్తకం తిరగేస్తూ.

పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నాడు. గాలివాటానికో పట్టిక, నేల వాలుకో పట్టిక, మావటివాడి ధైర్యానికో పట్టిక.

“అదే నేను చెప్పిన సన్న నియమాల పుస్తకం పెట్టుకుని ఆడితే, ఈపాటికి ఆట ముగించి టీ కూడా తాగేవాళ్ళం,” అన్నాడు లెక్కల మాస్టారు గోడతో.

గోడతో ఎందుకంటే, డాక్టరుతో ఆయనకు మాటల్లేవు. బావ బతుకు కోరేవాడు బామ్మర్ది అంటారు. ఈ బామ్మర్ది కొన్నాళ్ళుగా బావ పుస్తకం చావు కోరుతున్నాడు.

ఈ ఆటగాళ్ళ సంఘమూ అలాగే రెండుగా చీలింది. ఆ సాయంత్రానికి ఏదో ఒక పుస్తకం తేలాలి, లేదా అన్నీ పంచుకుని ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలి. బొమ్మలంటే పంచుకోవచ్చు. బల్ల మాటేమిటి? బావా బామ్మర్దీ కుర్రతనంలో ఓ పాత తలుపుకి కాళ్ళు బిగించి చేసుకున్న బల్ల అది. సగానికి కోసెయ్యడానికి మాస్టారు పంతం కొద్దీ రంపం తెచ్చి మూల నిలబెట్టాడు.

దాన్ని చూసినప్పుడల్లా డాక్టరు చెయ్యి బల్ల అంచుని పట్టుకునేది. పైకి మాత్రం తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడింది.

“కింద గడియారం బాగు చెయ్యడానికిచ్చాను. అయ్యేదాకా ఇక్కడ కూర్చోవచ్చా?”

“కూర్చోండమ్మా,” అన్నాడు డాక్టరు తలెత్తకుండా.

ఆవిడ కూర్చోకుండా బల్ల దగ్గరికొచ్చింది.

“ఏనుగు దారి వెతుకుతున్నారా? పుస్తకం చివర్లో ఉంటుంది. చూసినా లాభం లేదు, ఆ పట్టిక తప్పు.”

డాక్టరుకి ఒళ్ళు మండింది.

“ఇది రాసినాయన ఎవరనుకున్నారు? నిజం యుద్ధాలు చేసొచ్చిన మహానుభావుడు. మీకర్థం కాదులెండి.”

“ఆయనకి మీసాలున్నాయా?”

“ఇంతింత!”

నిజానికి ఆ పుస్తకం మీద పేరు లేదు, పొడి అక్షరాలే ఉన్నాయి. మీసాలు డాక్టరు తగిలించినవి. సన్న పుస్తకం మీద ఆ పొడి అక్షరాలు కూడా లేవు.

ఆవిడ నవ్వాపుకుని మాస్టారు వైపు తిరిగింది. “ఇక్కడ ఓడినవాళ్ళు ఏం చేస్తారు?”

“రెండు సైన్యాల్నీ పెట్టెల్లో సర్దాలండీ. మా ఆనవాయితీ.”

“అయితే ఈ తగువెందుకు? మీరిద్దరూ సన్న పుస్తకంతో ఒక్క ఆట ఆడండి.”

“గెలిచినవాడి పుస్తకం ఉంచాలా?” అన్నాడు డాక్టరు.

“గెలిచినవాడికి ఏ పుస్తకమైనా బాగానే ఉంటుంది. ఓడినాయన చేతులు చూద్దాం.”

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. డాక్టరు ఒకసారి రంపం వైపు చూసి, కుర్చీ లాక్కున్నాడు.

ఆట చకచకా సాగింది. మాస్టారు బాణాలకు డాక్టరు ఏనుగులు మళ్ళీ బెదిరాయి.

“పాచిక వెయ్యండి,” అంది ఆవిడ. “ఒకటి పడితే వెనక్కి. ఇంకేది పడినా ముందుకి.”

“అంతేనా?”

“బెదిరిన ఏనుగు పట్టికలు చూడదు బాబూ.”

ఒకటే పడింది.

ఏనుగులు గిర్రున వెనుదిరిగి, డాక్టరు సొంత సైన్యం మీదుగా నడిచి, రాజుగారి రథాన్ని తొక్కి మరీ ఆగాయి. గదంతా గొల్లుమంది. డాక్టరు మొహం కందగడ్డయింది. పెదవి బిగించాడు. ఆగలేకపోయాడు. కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వేశాడు. ఊళ్ళో అందరి పళ్ళూ చూసే ఆయన పళ్ళు ఆ గదిలో కనిపించి చాన్నాళ్ళయింది.

మాస్టారు ఖాళీ పెట్టెలు ముందుకు తోశాడు.

డాక్టరు చేతులు పెట్టెల వైపు పోలేదు. పడిపోయిన బల్లేలవాళ్ళను ఒక్కొక్కణ్ణీ లేపి, మళ్ళీ బారులు తీర్చి నిలబెడుతున్నాయి. ఆ సంగతి ఆయనకే తెలియదు.

“ఏరా, అలా చూస్తావేం? నిలబెట్టు నీ సైన్యాన్ని. ఈసారి నీ అంతు చూస్తా!”

గోడతో కాదు, మాస్టారుతోనే అన్నాడు.

“చూద్దువుగానీ రా బావా!” అన్నాడు మాస్టారు, ఖాళీ పెట్టెలు పక్కకు నెట్టేస్తూ.

ఈలలు, చప్పట్లు, కేకలు. ఎవరో రంపాన్ని అలమారు వెనక్కి విసిరేశారు. సంఘం నిలిచింది, బల్ల దక్కింది. ఆ ఊపులో డాక్టరు లావు పుస్తకాన్ని బల్ల కుంటికాలి కింద దూర్చబోయాడు.

ఆవిడే చెయ్యడ్డం పెట్టింది. “వద్దు బాబూ. పాపం, ఆ మీసాలాయన ఎంత కష్టపడ్డాడో!”

రెండో ఆటలో డాక్టరు గెలిచాడు. మూడో ఆటకి బొమ్మలు పరుస్తూ తలెత్తేసరికి ఆవిడ లేదు.

కొట్టు కట్టేసి గడియారాలాయన పైకొచ్చాడు.

“ఏమయ్యా, ఆ పెద్దావిడ ఏదీ?” అన్నాడు డాక్టరు. “వచ్చే ఆదివారం కూడా రమ్మందామనుకున్నాం. పేరైనా అడగలేదు.”

“గడియారం తీసుకుని రైలుకి వెళ్ళిపోయారండీ. అదేంటి, మీకు చెప్పలేదా?”

“ఏమని?”

“పైన రెండు పుస్తకాల కోసం కొట్టుకు చస్తున్నారంటే ఏ పుస్తకాలని అడిగారు, నేను చెప్పగానే పడీ పడీ నవ్వి, ‘రెండూ నేను రాసినవే నాయనా, లావుది వయసులో ఉండగా రాశాను, సన్నది బుద్ధొచ్చాక’ అంటూ మీ మెట్లెక్కారు.”