కొలతకు ముందే కత్తెర

తెనాలిలో క్యూలు పోయి పదేళ్లయింది. జనం చెవికి మాట్లాడే పూస పెట్టుకుని, పని చెప్పి వెళ్లిపోతారు. అయ్యాక పూసే పిలుస్తుంది. టైలర్ మీరావలి కొట్టు ముందు మాత్రం ఇంకా మనుషులు నిలబడతారు. ఒకరి జాకెట్టు కొలిచి, కత్తిరించి, కుట్టి, హుక్కులు పెట్టేదాకా అతను రెండోవారి గుడ్డ ముట్టడు.

ఎదురుగా సుభాని కొట్లో యంత్రాలు నలభై జాకెట్లు ఒకేసారి మొదలుపెడతాయి. ముప్పై ఏళ్లుగా తన దగ్గరే కుట్టించుకున్న అనసూయమ్మ కూడా ఆర్నెల్ల క్రితం అటు వెళ్లినప్పటినుంచి మీరావలికి అన్నం సయించడం లేదు.

ఆవేళ ఆమె జాకెట్టు పట్టుకుని తిరిగొచ్చింది.

"చెయ్యి దూరట్లేదయ్యా. కొత్త కొలత అందకముందే కత్తెర పడిందంట, అక్కడి యంత్రాలు పాత కొలతతో కుట్టేశాయి. నాలుగింటికి మేనకోడలి నిశ్చితార్థం. మళ్లీ కుట్టమని అక్కడా చెప్పొచ్చాలే. ఎవరిది ముందైతే అదే తొడుక్కుంటా."

మీరావలి కడుపు చల్లబడింది. చంక దగ్గర కుట్టు విప్పి వదులు చేస్తే ఐదు నిమిషాల పని. ఆమె మళ్లీ తన మనిషే. కానీ ఆర్నెల్ల మంట అంత చవగ్గా వదులుకోబుద్ధి కాలేదు.

"ఇక్కడ వరసలో నిలబడాలమ్మా. మీ ముందు ముగ్గురున్నారు."

ఆమె నిలబడింది. అతను మొదటావిడ హుక్కులు ఒక్కొక్కటీ రెండేసి ముళ్లు వేసి తీరిగ్గా కుట్టాడు.

రెండో ఆవిడకు టేపు పట్టబోతుండగా అనసూయమ్మ పూస మోగింది.

"సుభానిది అయిపోయిందంటయ్యా," అంటూ ఆమె రోడ్డు దాటింది.

కాసేపటికి కొత్త జాకెట్టుతోనే బయటికొచ్చి ఆటో కోసం చెయ్యెత్తింది. చెయ్యి హాయిగా లేచింది.

"భాయ్, టేపు అంత బిగిస్తే ఎలా? నొప్పెడుతోంది," అంది రెండో ఆవిడ.