ఏకాండి

“బయటిది వద్దంటే వద్దు. లోపలిదే బిగించు,” అంటూ గంగరాజు గాజుబల్ల మీద అరచేత్తో చరిచాడు.

బల్ల మీదున్న నల్లటి ఎక్స్‌టర్నల్ డిస్కు కాస్త జరిగింది. తమ్ముడు దేవేంద్ర దాన్ని చప్పున పట్టుకుని మళ్ళీ తన ముందుకు లాక్కున్నాడు.

విజయనగరంలో గంటస్తంభం దగ్గరి కంప్యూటర్ల షాపు అది. షాపు యజమాని కొండబాబు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. అతని ముందు దేవేంద్ర ల్యాప్‌టాప్ వీపు తెరుచుకుని బోర్లా పడి ఉంది.

“ఉన్న డిస్కు నిండిపోయింది. రెండోది తప్పదు,” అన్నాడు కొండబాబు. “లోపల ఒకదానికి ఖాళీ ఉన్నాది. ఎస్సెస్‌డీ బిగిస్తే పరుగెడతాది. బయటిదయితే జేబులో ఏసుకొని ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. మీ ఇష్టం.”

“పట్టుకుపోవచ్చంట! ఇన్నావా?” అన్నాడు గంగరాజు. ఆ మాట అన్నది తమ్ముడితోనో తనతోనో అతనికే తెలియలేదు.

అన్నదమ్ములిద్దరూ బొబ్బిలిలో వీణలు చేస్తారు. చెక్కేది గంగరాజు. మైనం మీద మెట్లు నిలబెట్టి, తీగ మీటి, చెవి ఒగ్గి స్వరం కుదిర్చేది దేవేంద్ర. ఆ విద్య గంగరాజుకు పట్టుబడలేదు. తమ్ముడు లేకపోతే తను చెక్కింది ఉత్త కర్ర.

ఈమధ్య విశాఖ నుంచి ఏదో వీడియో స్టూడియోవాళ్ళు తమ్ముడికి ఫోన్లు చేస్తున్నారు. తమ్ముడేమో పని చేసుకుంటూ ఎదురుగా ఫోను నిలబెట్టి, రోజూ వీడియోలు తీసుకుంటున్నాడు. ల్యాప్‌టాప్ నిండిందీ వాటితోనే. ఆ స్టూడియోవాళ్ళకి చూపించుకోవడానికే అయి ఉంటుందని గంగరాజు అనుమానం. అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని అడగలేదు.

“లోపలిదయితే ఇంట్లోనే పడుంటాది,” అన్నాడు పైకి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ పోయి చాలా కాలమైంది. పనిబల్ల పక్కన, గోడకున్న ప్లగ్గుకి కట్టేసిన ఆవులా ఉండేది. అది కదలడం గంగరాజు ఇవాళే చూశాడు.

దేవేంద్ర అన్న వైపు చూడకుండా, నల్ల డిస్కు చూపించి కొండబాబుని అడిగాడు. “దీన్ని టీవీకి గుచ్చితే వీడియోలు ఆడతాయా?”

“ఎందుకాడవు? బాగా ఆడతాయి.”

“ఎవుల టీవీకిరా?” అన్నాడు గంగరాజు.

దేవేంద్ర డిస్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “దుమ్ము తట్టుకుంటాదా?” అని మళ్ళీ కొండబాబునే అడిగాడు.

“ఏ దారి దుమ్మురా? బస్సు దారా, రైలు దారా?” అన్నాడు గంగరాజు.

“ఊరికే అడిగినానన్నా.”

“ఊరికే అడుగుతాడంట!” గంగరాజు లేచి గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. కుర్చీలో కూర్చోలేకపోయాడు. “సూడు బాబూ, మా వీణకి కుండ, దండి అన్నీ ఒకటే పనసమానులో తొలుస్తాం. ఎక్కడా అతుకుండదు. ఏకాండి అంటాం దాన్ని. దీనికి మాత్రం తోకెందుకు? అంతా ఒక్క ఒంట్లో ఉండాల.”

“వీణ ఏరు, ల్యాప్‌టాప్ ఏరన్నా,” అన్నాడు దేవేంద్ర.

“అతికించింది ఏదయినా ఒకనాటికి ఊడిపోతాదిరా!”

కొండబాబు నవ్వేశాడు. “డిస్కు కొనడానికి వచ్చినట్టు లేదు. ఇల్లు పంచుకోడానికి వచ్చినట్టున్నారు.”

ఇద్దరూ నవ్వలేదు. గంగరాజు చెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకుంది. కర్రపొడి ఇరుక్కున్న ఆ గోళ్ళ వైపు చూసి దేవేంద్ర గొంతు తగ్గించాడు.

“అన్నా, ఒక్క మాట ఇను...”

“ఏటీ ఇనను. నానడిగితే ఏనాడైనా కాదన్నావా? ఈ ఒక్కటీ నా మాట ఉంచు.”

దేవేంద్ర చేతిలోని నల్ల డిస్కు మెల్లగా బల్ల మీదకి చేరింది.

“సీలు తీస్తన్నాను,” అన్నాడు కొండబాబు లోపల పెట్టేదాని డబ్బా పట్టుకుని. “తీసినాక వాపసు లేదు.”

“తియ్యి,” అన్నాడు గంగరాజు.

సీలు చిరిగింది. దేవేంద్ర మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

బొబ్బిలి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, గంగరాజు ల్యాప్‌టాప్ సంచిని వీణలాగా ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. పొద్దుటి నుంచీ గుండెలో ఆడుతున్న రంపం ఆగినట్టుంది. ఇప్పుడు అడగొచ్చనిపించింది.

“ఆ స్టూడియోవోల్లు ఏటంటన్నారు?”

“రమ్మంటన్నారు.”

“నువ్వేటన్నావు?”

బస్సు ఊరు దాటాక దేవేంద్ర అన్న వైపు తిరిగాడు.

“ఎల్లుండి ఎల్తన్నానన్నా. నీకు సెప్పడానికి నోరు రాలేదు.”

గంగరాజు సంచిని ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాడు. “ఎల్తే ఎల్లు. ఆ వీడియోలు మాత్రం ఇంట్లోనే ఉంటాయి.”

“ల్యాప్‌టాప్ లేకుండా అక్కడ నాకు పనేటుంటాదన్నా? నాతోనే వస్తాది. బ్యాటరీ కూడా ఏయిస్తామన్నారు.”

గంగరాజు సంచి మీంచి తలెత్తాడు. “అయితే... ఆ వీడియోలన్నీ ఆల్ల కోసమే తీసినావన్నమాట.”

దేవేంద్ర తల అడ్డంగా ఊపాడు. “ఏ మెట్టు ఏడ నిలబెట్టాలో, ఏ తీగ ఎలాగ పలకాలో, మొదట్నుంచి సివరిదాకా నీ కోసమే తీసినానన్నా. మన పనింట్లో టీవీకి గుచ్చుకొని సూస్తా కట్టుకుంటావని, బయటిది కొని, అందులో ఎక్కించి నీ కాడ ఒదిలెల్దామనుకున్నాను.”